ఇరుకు గుమ్మం

శుక్రవారం పొద్దున్నే గడపకి పసుపు రాయనిదే దాలమ్మ టీ గ్లాసు ముట్టుకోదు. అది ఛత్తీస్‌గఢ్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆవిడ కొడుక్కి రైల్వేవాళ్ళిచ్చిన క్వార్టరు. గడప కర్రది కాదు, సిమెంటుది. సిమెంటుకి పసుపేమిటని చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు మొదట్లో నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్ళ సొమ్మేం పోయింది, తన పసుపేం పోయింది? చెంబులో నీళ్ళు చిలకరించి, పాత గుడ్డతో తుడిచి, మూడు వేళ్ళతో పసుపు ముద్ద తీసి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఊపున పూసింది. తరవాత పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు మెల్లగా మూలల్లోకి మెత్తసాగింది. డెబ్భై దాటిన మోకాళ్ళు ఊరుకుంటాయా? అవి మూలుగుతూనే ఉన్నాయి, ఆవిడ పూస్తూనే ఉంది.

"నెమ్మది. పసుపు తొక్కీకు," అంది తలెత్తకుండానే.

పురిటికి పుట్టింటికొచ్చిన పెద్ద మనవరాలు రాజశ్రీ గుమ్మంలో ఆగిపోయింది. నెలలు నిండిన మనిషి. గడప దాటుదామని పక్కకి తిరిగితే పొట్ట తలుపు గొళ్ళేనికి తగిలింది. తిన్నగా తిరిగితే కాలెక్కడ పడుతుందో కనిపించలేదు.

"నీ పసుపు ఆరేదాకా నేనిక్కడే నించోవాలా మామ్మా?"

"నించో. నించుంటే మంచిదని డాక్టరమ్మ సెప్పింది కదా."

డాక్టరమ్మ ముందురోజు ఇంకో మాట కూడా చెప్పింది. తెలీబంధా చెరువు దగ్గర సందులో ఆవిడ ఆసుపత్రి. పొట్ట తడిమి చూసి, స్కానింగ్ చూసి, బిడ్డ తల కిందికే ఉంది, అంతా బాగుంది, నొప్పులొచ్చేదాకా ఆగుదాం అంది. అలా కాదు, ఆపరేషనే కావాలనుకుంటే సోమవారంలోగా చెప్పమంది. ఆగుదామని రాజశ్రీ, కోసెయ్యమని దాలమ్మ. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆటోలో అదే గొడవ. ఆటో దిగేసరికి రాజశ్రీ గొంతులో పట్టుదల కాస్త తగ్గింది. చిన్నప్పుడు బల్లి మీద పడినా ఆ పిల్ల ముందు మామ్మ మొహం చూసేది. మామ్మ నవ్వితే నవ్వేది, మామ్మ జడుసుకుంటే ఏడ్చేది. ఇప్పుడూ ఆ మొహమే చూస్తోంది, ఆ మొహంలో భయం తప్ప ఇంకేం లేదు.

"ఒలే ఇరుకు గుమ్మం! టీ పెడతావా, ఈ ముసిలిదాన్ని సంపీసి ఆ తర్వాత పెడతావా?"

లోపలి గదిలోంచి కేక వేసింది భ్రమరాంబ. దాలమ్మకి పెద్ద ఆడపడుచు. చిన్నతనంలోనే మొగుడు పోయి, తల్లితోపాటు తమ్ముడి పంచన చేరింది. ఇప్పుడు తల్లీ లేదు, తమ్ముడు చిన్నారావూ లేడు. వదినామరదళ్ళిద్దరూ ఒకే గదిలో రెండు మంచాల మీద పోట్లాడుకుంటూ హాయిగా ఉన్నారు. ఈ ఇంట్లో అందరికంటే ముందు ఛత్తీస్‌గఢీ నేర్చింది భ్రమరాంబే. కూరలమ్మాయితో ఆవిడ బేరమాడుతుంటే పక్క క్వార్టర్ల వాళ్ళు పనులాపి వింటారు.

ఇరుకు గుమ్మం అంటే ఇంటి గుమ్మం కాదు, దాలమ్మే. పదహారేళ్ళకి ఆవిడ మొదటి కాన్పు కష్టమై, మగబిడ్డ పుడుతూనే పోయినప్పుడు ఇంట్లో పుట్టిన మాట అది. దీని గుమ్మం ఇరుకు, బిడ్డ రావడానికి దారి లేదు, అని మంత్రసాని చెప్పిందట. అత్తగారు ఆ మాటని సొంతూరు విజయనగరం దాకా మోసుకెళ్ళి చుట్టాలందరికీ పంచిపెట్టింది. అత్తగారు పోయినా మాట పోలేదు. భ్రమరాంబ నోట్లో ముద్దుపేరై కూర్చుంది. అది విని అందరూ నవ్వుతారు. దాలమ్మా నవ్వుతుంది. నవ్విన ప్రతిసారీ లోపల ఒక ముల్లు కదులుతుంది. కన్నబిడ్డని తన ఎముకలే నలిపేశాయని నమ్మిన మనిషికి అది ఎలాంటి ముల్లో వేరే చెప్పాలా?

చాలా ఏళ్ళ తరవాత దుర్గారావు సుఖంగా పుట్టాడంటే అది పైడితల్లమ్మ చలవేగానీ తన గొప్పేం కాదని ఆవిడ నమ్మకం. కోడలు సుభద్ర కాన్పులు ఆవిడ లెక్కలోకి రావు, బయటింటి పిల్ల కదా. తన రక్తంలో కాన్పుకి వచ్చిన మొదటి ఆడపిల్ల రాజశ్రీయే. తన ఇరుకు కొడుకులో దాక్కుని మనవరాలికి దిగి ఉంటే?

రాజశ్రీ ఎలాగో గడప దాటింది. దాటి వెనక్కి తిరిగి, నవ్వుతున్నట్టే అడిగింది.

"మామ్మా, నాది కూడా ఇరుకు గుమ్మమేనేటి?"

దాలమ్మ చెయ్యి గడప మీద ఆగిపోయింది. చెంబు తీసుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చిన్న మనవరాలు అమూల్య కాలేజీ నుంచి వచ్చి, సంచిలోంచి ఒక వస్తువు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది ఆ పిల్ల. బల్ల మీది వస్తువు తెల్లగా, రెండు చాటలు ఎదురెదురుగా కట్టినట్టుంది. మధ్యలో గుండ్రంగా కన్నం.

మునగాకు దూస్తున్న దాలమ్మ అనుమానంగా చూసింది. "ఏటే అది?"

"కటి ఎముకలు మామ్మా. నడుం కింద ఉంటాయి కదా, అవి. సీనియర్ని అడిగి తెచ్చా. మండే వైవా ఉంది."

"మనిషి బొమికలా? శుక్రవారం పూట ఇంట్లోకి బొమికలు తెచ్చేవా!"

"అరే, అస్లీ కాదు మామ్మా. ప్లాస్టిక్."

"ప్లాస్టికైనా బొమిక బొమికే." లేచి వెళ్ళి పసుపునీళ్ళు తెచ్చి దానిమీద చల్లింది. భ్రమరాంబ మంచం మీంచే మెడ చాచి చూసి, "మొక్కలు పెట్టుకోడానికి బాగుంటాది," అంది.

అమూల్యకి పాఠం పైకి అప్పజెప్పందే రాదు. ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళే ఆమెకి పరీక్ష పెట్టే మేడం. ఆ పూట మామ్మ దొరికింది.

"విను మామ్మా. చిన్నప్పుడు ఆడపిల్లదీ మగపిల్లాడిదీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఈడొచ్చాక ఆడపిల్లది వెడల్పవుతూ పోతుంది. ఇదిగో, ఈ కన్నం బిడ్డొచ్చే దారి. పాతికేళ్ళు దాటి ముప్ఫై లోపల ఇది బాగా విచ్చుకుని ఉంటుంది. నలభై దాటాక మళ్ళీ మెల్లమెల్లగా లోపల ఇరుకవుతుంది. మనిషికీ మనిషికీ తేడా ఉంటుందనుకో, ఇది సగటు మాట. చాలామందికి స్కానింగులు తీసి చూశారట."

దాలమ్మ చేతిలో మునగ రెబ్బ ఆగింది. "బొమికలు మారతాయేటి? పెద్దయ్యాక ఒకేలాగ ఉండిపోవా?"

"మారతాయి మామ్మా. సచ్ మే."

పెరటి కుళాయి దగ్గర చేతుల గ్రీజు వదలగొట్టుకుంటున్న దుర్గారావు కలగజేసుకున్నాడు. గూడ్సు పెట్టెలు బాగుచేసే వేగన్ షాపులో రోజంతా చక్రాలకి గేజి పెట్టి చూడడమే అతని పని. "తిరిగి తిరిగి ఇనప చక్రమే ఆకారం మారిపోతాదమ్మా. బొమిక మారదేటి?"

"మరి నాదిప్పుడెలగుంటాదే?" అని అడిగింది భ్రమరాంబ.

"ఎప్పుడో ముయ్యడం మొదలెట్టేసింది పెద్దమామ్మా."

"అయితే దుకానం కట్టీసినట్టే," అంది భ్రమరాంబ. ఇల్లంతా నవ్వింది. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది రాజశ్రీ.

నవ్వులు తగ్గాక దాలమ్మ మెల్లగా అడిగింది. "పదహారేళ్ళకి?"

"ఏంటి, సోలా? అప్పటికి పూర్తవదు మామ్మా. ముక్కలన్నీ అతుక్కోడమే అవదు. సగం కట్టిన ఇల్లనుకో." అమూల్య ఇంకేదో చెబుతూ పేజీ తిప్పింది. తను ఏం మాట అన్నదో ఆ పిల్లకి తెలీదు.

దాలమ్మ మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది. కాడలు గిన్నెలో పడుతున్నాయి, ఆకు నేలమీద పడుతోంది. సుభద్ర చూసి, అత్తగారిని ఏమీ అనకుండా గిన్నెని ఇవతలికి జరిపి, నేలమీది ఆకు ఎత్తుకుంది.

సగం కట్టిన ఇంటికి గుమ్మం ఇరుకని పేరు పెట్టేవాళ్ళని ఏమనాలి? దాలమ్మకి మొదట ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపం వచ్చింది. మంత్రసాని ఎప్పుడో పోయి ఉంటుంది. అత్తగారూ పోయింది. కోప్పడడానికి మిగిలింది భ్రమరాంబ ఒక్కతే. ఆవిడేమో ముద్దపప్పు మెత్తగా ఉడకలేదని సుభద్రతో వాదిస్తోంది.

మర్నాడు పెరట్లో వడియాలు పెట్టే పని. మాఘమాసపు ఎండ వడియాలకి పెట్టింది పేరు. బూడిదగుమ్మడి ముక్కలు ఉప్పేసి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా రుబ్బురాయి కింద పెట్టడంతో నీరంతా ఓడిపోయింది. వాటిని మినప్పిండిలో కలిపి, పచ్చిమిర్చి నూరి వేసి, జీలకర్ర చల్లి, వదినామరదళ్ళు నులకమంచానికి చెరో పక్కా కూర్చున్నారు. మంచం మీద తడి చీర పరిచి ఉంది. భ్రమరాంబ వడియాలు ఉసిరికాయంత, దాలమ్మవి నిమ్మకాయంత. దీనిమీద కూడా వాళ్ళకి ప్రతి ఏడూ తగువే. ఆ పక్కనే మెట్టు మీద కూర్చుని రాజశ్రీ తల ఆరబెట్టుకుంటోంది.

దాలమ్మ తువ్వాల్లో చుట్టి తెచ్చిన ప్లాస్టిక్ ఎముకల్ని మంచం మీద, వడియాల వరసల మధ్య పెట్టింది.

"ఇదెందుకే ఇక్కడ? ఎండబెడతావేటి?"

"ఒదినా, నాకు ఇరుకు గుమ్మమని పేరెవరు పెట్టేరు?"

"నానే," అంది భ్రమరాంబ, వరసలో ఇంకో వడియం పెడుతూ.

"మంత్రసాని అందన్నావు."

"దానికి తెలుగొచ్చేటే? ఇక్కడి దాయీ అది. మనది తెలుగని కూడా తెల్దు దానికి."

"మరది ఏటంది?"

పిండి తీసుకోబోయిన భ్రమరాంబ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. మరదలి మొహంలోకి పట్టిపట్టి చూసింది. "నీకు తెల్దేటే? ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను."

"సెప్పు."

"సేతులు కడుక్కుంటా మా అమ్మ మొహం మీదే కోప్పడింది. 'ఏ హ త ఖుదే లైకా హే,' అంది. ఒకటికి రెండుసార్లంది. అమ్మకి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఏటంటందే అని నన్నడిగింది."

ఆ మాట దాలమ్మకి గుర్తుంది. తెప్పరిల్లీ తెప్పరిల్లకుండా చాప మీద పడి ఉన్నప్పుడు లైకా, లైకా అని ఎవరో అరవడం చెవిన పడింది. లైకా అంటే బిడ్డ అని ఆ తరవాత ఈ ఊరి భాష వంటబట్టాక తెలిసింది. పోయిన తన బిడ్డ గురించే అనుకుంది. ఆ మాట ఎవరి నోట విన్నా చాన్నాళ్ళు ఒళ్ళు ఝల్లుమనేది.

"నా బిడ్డ గురించంది," అంది.

"కాదే, ఎర్రిమొకమా. నీ గురించి. ఇదే ఇంకా సంటిపిల్ల, దీనికి కాన్పేటి, అని తిట్టింది."

పెరట్లో కాకి ఒకటి గోడ మీద వాలింది. తోలడానికి ఇద్దరికీ గుర్తు రాలేదు.

"ఉన్నదున్నట్టు సెప్తే మా అమ్మ ఇంటాదా?" అంది భ్రమరాంబ. "నాకు ఇంతకన్నా ముందే పుట్టేరు, ఇది సంటిపిల్లేటి, అనును. నెల తిరక్కుండా నిన్ను మళ్ళీ తమ్ముడి గదిలోకి తోసీను. మళ్ళీ కడుపొస్తే నువ్వు దక్కుదువా? అందుకని మార్చి సెప్పేను. దీని గుమ్మం ఇరుకంట, పాతికేళ్ళు నిండేదాకా కడుపు రాకూడదంట, ఒస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారంట అని. దాయీ మాటంటే బయపడింది. నా మాటైతే కుక్క కూడా ఇనదు కదా ఆ ఇంట్లో. తమ్ముడూ నమ్మీసేడు, పాపం ఎర్రిబాగులోడు."

"పాతికని ఎవరు సెప్పేరు నీకు?"

"ఎవరు సెప్తారే? నోటికొచ్చింది. అబద్దం ఎలాగూ ఆడుతున్నాం కదా, పెద్ద లెక్కే సెప్దారని."

మెట్టు మీద రాజశ్రీ తల తుడుచుకోవడం మానేసింది.

"అందుకేనా అన్నేళ్ళు నన్ను నీ పక్కలో పడుకోబెట్టుకున్నావు?"

"మరి? నీ గురక ఇనడం నాకు సరదా అనుకున్నావేటి?"

దాలమ్మ ఎముకల కేసి చూస్తూ ఉండిపోయింది. ఆ ఏళ్ళు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రవికలు బిగుతై కుట్లు విప్పుకున్న ఏళ్ళు అవి. మొగుడి డబ్బాలో అన్నం సర్దేశాక వదినతో బస్సెక్కి ఆరంగ్ పాత గుడి చూసొచ్చిన ఏళ్ళు. అక్కడ దారి తప్పి, ఆకలేసి, జామకాయలు కొనుక్కుని గుడి అరుగు మీద కూర్చుని నవ్వుకున్నారు. గొడ్రాలని అత్తగారు సణుగుతూనే ఉండేది. తన ఒళ్ళు మాత్రం తనకి తెలియకుండానే మెల్లగా పెద్దదైంది. శిక్ష అనుకుని మోసిన పేరు నిజానికి తన గది తలుపుకి వదిన పెట్టిన గొళ్ళెం. దుర్గారావు సుఖంగా పుట్టడంలో పైడితల్లమ్మ వాటా ఉంటే ఉండొచ్చు, ఈ ముసిలిదాని వాటా మాత్రం తక్కువేం కాదు. ఇంత ప్రేమ తన పక్క మంచం మీదే ఉంటే, దాన్ని ముల్లనుకుని బతికింది. దాలమ్మ గుండె నిండిపోయింది. నిండినా, అడగాల్సిన మాట అడగక మానలేదు.

"మరి నాను పిల్లడ్ని కన్నాక కూడా ఆ పేరెందుకు ఉంచీసేవు?"

"ముద్దుకి."

"ముద్దా! ముల్లులాగ గుచ్చుకునీదొదినా."

భ్రమరాంబ మొహం చిన్నబోయింది. ఎవరి ముందూ తగ్గని మనిషి, పిండి అంటిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. తెల్లచీర పిండైంది. "ఒక్కనాడైనా సెప్పలేకపోయేవా?" అంది చివరికి.

"నువ్వైనా సెప్పలేకపోయేవా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. దాలమ్మ ఎడంచేతి కొంగుతో వదిన ఒళ్ళో పిండి తుడిచింది. తరవాత తన కళ్ళు తుడుచుకుంది. కొంగుకి అంటిన పచ్చిమిర్చి కళ్ళలో పడి నిజం ఏడుపు మొదలైంది. రాజశ్రీ లేవలేక లేవలేక లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

కళ్ళు కడుక్కుని దాలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. పొట్ట కేసి కాదు, తిన్నగా మొహంలోకి చూసింది.

"డాక్టరమ్మకి ఫోన్ సెయ్యి, రాజీ. నొప్పులొచ్చేదాకా ఆగుదారని సెప్పు. కొయ్యాల్సి ఒస్తే ఆవిడే కోస్తాది, అది ఆవిడ పని. నా బయానికి మాత్రం నిన్ను కొయ్యక్కర్నేదు."

రాజశ్రీ చాలాసేపు మామ్మ మొహం వెతికింది. అక్కడ మిరపకాయ మంట ఉంది, నవ్వు ఉంది. చిన్నప్పటినుంచీ తను చూసుకుని భయపడే భయం మాత్రం కనిపించలేదు. తనూ నవ్వి, ఫోను తేవడానికి లోపలికెళ్ళింది.

నొప్పులు మంగళవారం వచ్చాయి. తెలీబంధా ఆసుపత్రి వరండాలో వదినామరదళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. లోపల పిల్లతో సుభద్ర ఉంది. దుర్గారావు వరండా ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తున్నాడు. రాజశ్రీ మొగుడు హరీష్ భిలాయి నుంచి బయల్దేరాడు. కాసేపటికి ఫోన్ చేశాడు.

"మామ్మా, ఎంతవరకూ వచ్చింది? నేను టాటీబంధ్ దగ్గర లారీల మధ్యన ఇరుక్కుపోయాను."

"నువ్వు ఇరుక్కో నాయనా, పరవానేదు. అది ఇరుక్కోకుండా ఉంటే సాలు," అంది దాలమ్మ. వారం కిందటైతే ఆ మాట నోటితో అనడానికే వణికేది. ఇప్పుడు భయం లేదని కాదు, కాన్పంటే భయం ఉండనే ఉంటుంది. అయితే ఈ భయం పిల్ల కోసం పడే భయం. తన మీద తనకున్న అనుమానం అందులో కలవలేదు. పైగా ఆ పిల్లకి పాతికేళ్ళు నిండాయి కదా, అని నిమిషానికోసారి గుర్తు చేసుకుంటోంది.

మధ్యాహ్నం ఎండ వరండా దాటుతుండగా లోపల సన్నగా ఏడుపు వినిపించింది. దుర్గారావు నడక ఆగింది. ఇంకాసేపటికి తలుపు తీసుకుని ఆయా బయటికొచ్చింది. లావుపాటి ఛత్తీస్‌గఢీ మనిషి. ముసలమ్మలిద్దర్నీ చూసి నవ్వుతూ చెప్పింది.

"మహతారీ, లైకా, దూనో బనే హే."

ఆ మాటలు దాలమ్మకి అర్థం కాక కాదు. ఒక జీవితకాలం ఈ ఊళ్ళో కూరలు బేరమాడిన మనిషి. అయినా భ్రమరాంబ వైపు తిరిగింది.

"ఏటంటంది ఒదినా?"

"తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారంట."

"అంతేనా? నువ్వేటీ కలపనేదు కదా?"

భ్రమరాంబ పళ్ళులేని నోరు తెరిచింది. అలవాటైన పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. మరదలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"కలపక్కర్నేదే, లైకా," అంది.

డెబ్భై దాటిన దాలమ్మ ఆ పేరుకి వెంటనే పలికింది.